స్మోక్తునోవ్‌స్కీ: తెర మీద మెత్తని మనిషి

(ఫిల్మ్ సొసైటీ సమావేశంలో చేసిన ప్రసంగం పాఠం)

అందరికీ నమస్కారం.

ఈ సాయంత్రం మనం మాట్లాడుకోబోయే నటుడు ఇన్నొకెంతీ స్మోక్తునోవ్‌స్కీ. పేరు పలకడం కాస్త కష్టమే కానీ రెండు మూడు సార్లు అనుకుంటే నోటికి అలవాటైపోతుంది. రష్యన్ సినిమా అనగానే మన దగ్గర ఐజెన్‌స్టీన్ పేరు, తర్కోవ్‌స్కీ పేరు చెప్పుకుంటాం. ఇద్దరూ దర్శకులే. అక్కడి నటుల గురించి తీరిగ్గా కూర్చుని మాట్లాడుకున్న సందర్భాలు చాలా తక్కువ. విశాలాంధ్ర పుస్తకాల వ్యానులో మాస్కో నుంచి వచ్చిన ప్రగతి, రాదుగ ప్రచురణలు కొనుక్కుని చదివిన తరం ఈ హాల్లో ఉంది. దస్తయేవ్‌స్కీ, చెహోవ్ మనకు ఇంట్లోవాళ్ళంత దగ్గర. ఆ పుస్తకాల్లోని మనుషులకు తెర మీద ముఖం ఇచ్చిన నటుడు మాత్రం మనకు తెలియకుండా ఉండిపోయారు. అది నాకు ఎప్పుడూ వెలితిగానే అనిపిస్తుంది. అందుకే ఈ విషయం ఎంచుకున్నాను.

ఆయన సినిమాలన్నీ వరుసగా చెప్పుకుంటూ పోను. చాలా ఉన్నాయి, అన్నీ మంచివీ కావు. నేను చెప్పాలనుకున్నది ఇది: సోవియట్ సినిమాలో చాలాకాలం నాయకుడంటే ఒక పద్ధతి ఉండేది. గట్టి దవడ, నిటారైన నడక, సందేహం లేని చూపు. యుద్ధానికి వెళ్ళినా, ఫ్యాక్టరీ నడిపినా, పొలం దున్నినా అదే మనిషి. కళ్ళద్దాలు పెట్టుకున్నవాడు, మాట్లాడుతూ మధ్యలో ఆగిపోయేవాడు, ఎవరి మీదా గొంతు పెంచలేనివాడు ఆ నాయకుడి పక్కన నిలబడేవాడు. నవ్వించడానికో, అనుమానించడానికో పనికొచ్చేవాడు. స్మోక్తునోవ్‌స్కీ ఆ పక్కనున్న మనిషిని తీసుకొచ్చి కథ నడిమధ్యలో నిలబెట్టారు. 1956 నుంచి 1966 దాకా పదేళ్ళపాటు, ఒక పాత్ర తర్వాత ఒక పాత్రలో ఆ పని చేశారు.

ఆ పదేళ్ళ గురించి చెప్పేముందు ఆయన తెర దగ్గరికి ఎలా వచ్చారో చెప్పాలి. ఎందుకంటే మొదటి సినిమాకి ఆయనకు ముప్పై దాటాయి. అప్పటికే ఒక జీవితానికి సరిపడా చూసేశారు.

1925 మార్చి 28న సైబీరియాలో, తోమ్స్క్ ప్రాంతంలోని తత్యానొవ్కా అనే ఊళ్ళో పుట్టారు. అసలు ఇంటిపేరు స్మోక్తునోవిచ్. క్రస్నయార్స్క్‌లో పిన్ని దగ్గర పెరిగారు. తండ్రి యుద్ధానికి వెళ్ళి తిరిగి రాలేదు. కొడుకును 1943లో సైన్యంలోకి పిలిచారు. పద్దెనిమిదేళ్ళు. కూర్స్క్ యుద్ధంలో ఉన్నారు, ద్నీపర్ నది దాటారు. ఆ ఏడాది డిసెంబరులో జితోమిర్ దగ్గర జర్మన్లకు పట్టుబడ్డారు. ఖైదీల శిబిరాల్లో నెల రోజులకు పైగా గడిపి, తప్పించుకుని పారిపోయారు. ఒక ఉక్రెయిన్ పల్లె కుటుంబం ఆయనను ఇంట్లో దాచింది. పట్టుబడితే ఆ ఇంటివాళ్ళందరి ప్రాణాలూ పోయేవి. అయినా దాచారు. తర్వాత గెరిల్లా దళంలో చేరి, అక్కడినుంచి మళ్ళీ సైన్యంలోకి వెళ్ళి జర్మనీ దాకా నడిచారు. ధైర్యసాహసాలకు ఇచ్చే పతకం కూడా వచ్చింది.

ఇంత చేసినవాడికి యుద్ధం అయ్యాక ఏం దక్కాలి? ఆయనకు దక్కింది అనుమానం. శత్రువు చేతికి చిక్కి బతికి వచ్చినవాడిని స్తాలిన్ కాలపు ప్రభుత్వం నమ్మేది కాదు. పెద్ద నగరాల్లో నివసించే హక్కు లేదన్నారు. ఎప్పుడు వచ్చి తీసుకుపోతారో తెలియని టెన్షన్. అప్పుడు ఆయన చేసిన పని చూడండి. ఉత్తర ధ్రువ వలయానికి అవతల, నిర్బంధ శిబిరాల నగరం నొరీల్స్క్‌కు తనంతట తానే వెళ్ళి, 1946లో అక్కడి నాటకశాలలో చేరారు. నన్ను అంతకంటే దూరం ఎక్కడికి పంపుతారన్నది ఆయన లెక్క. ఇంటిపేరు స్మోక్తునోవ్‌స్కీగా మారింది కూడా అక్కడే.

ఆ నాటకశాలలో ఇంకో నటుడు ఉన్నారు, గియోర్గీ జ్జోనొవ్. 1938లో అరెస్టై, కొలీమా శిబిరాల్లో ఏళ్ళు గడిపి, బయటికొచ్చాక మళ్ళీ అరెస్టై నొరీల్స్క్‌కు ప్రవాసం వచ్చిన మనిషి. నువ్విక్కడ ఉండాల్సినవాడివి కాదు, వెళ్ళిపో అని స్మోక్తునోవ్‌స్కీ వెంటపడి చెప్పినవారిలో ఆయన ఒకరు. ఈ జ్జోనొవ్ పేరు గుర్తుంచుకోండి, మళ్ళీ వస్తారు.

నొరీల్స్క్‌లో ఆరోగ్యం దెబ్బతింది. 1951లో అక్కడినుంచి బయటపడి దాగెస్తాన్‌లోని మహాచ్కలా నాటకశాలకు, ఆ తర్వాత స్తాలిన్‌గ్రాద్‌కు. పాత్రలు వస్తున్నాయి, పేరు రావడం లేదు. 1955లో మాస్కో చేరారు. నాటకశాలలన్నీ తిరిగారు, ఎవరూ తీసుకోలేదు. ఉండడానికి చోటు లేక అపార్ట్‌మెంట్ల మెట్ల మీద పడుకున్న రాత్రుల గురించి ఆయనే తర్వాత చెప్పుకున్నారు. చివరికి మాస్కో సినిమా స్టూడియో మోస్‌ఫిల్మ్‌లో పెద్ద దర్శకుడు ఇవాన్ పిరియెవ్ కలిగించుకున్నాక సినీనటుల నాటకశాల స్టూడియోలో కాస్త చోటు దొరికింది.

సినిమాల్లో మొదటి అనుభవం బాగాలేదు. మిహయీల్ రోమ్ తీసిన 'దాంతే వీధిలో హత్య' 1956లో వచ్చింది. అందులో ఆయనది చిన్న పాత్ర. కెమెరా తిరగడం మొదలవగానే బిగుసుకుపోయేవారు, డైలాగ్ మర్చిపోయేవారు. టేక్ మీద టేక్. సెట్లో ఉన్నవాళ్ళు విసుక్కున్నారు, వేరేవాడిని పెట్టమన్నారు. రోమ్ వినలేదు, ఓపిక పట్టారు. రోమ్ అప్పటికే లెనిన్ మీద రెండు ప్రసిద్ధ సినిమాలు తీసిన పెద్ద దర్శకుడు. ఊరూపేరూ లేని ఒక నటుడి భయాన్ని ఆయన లోపంగా చూడలేదు. ఆరేళ్ళ తర్వాత తన అత్యుత్తమ చిత్రంలో అదే నటుడికి ముఖ్యపాత్ర ఇచ్చారు. దర్శకుల గురించి మాట్లాడేటప్పుడు షాట్ల గురించి, కట్‌ల గురించి చెప్పుకుంటాం. ఒక మనిషి భయం తగ్గేదాకా ఆగడం కూడా దర్శకత్వంలో భాగమే అని నా నమ్మకం.

అదే 1956లో లెనిన్‌గ్రాద్ స్టూడియో లెన్‌ఫిల్మ్ 'సైనికులు' అనే చిత్రం తీసింది, దర్శకుడు అలెగ్జాందర్ ఇవానొవ్. స్తాలిన్‌గ్రాద్ యుద్ధం మీద విక్తర్ నెక్రాసోవ్ రాసిన నవల దానికి ఆధారం. అందులో స్మోక్తునోవ్‌స్కీ వేసింది ఫార్బెర్ అనే లెఫ్టినెంట్. గణితం చదువుకున్న మనిషి, కళ్ళద్దాలు, కాస్త వంగిన భుజాలు. యూనిఫాం ఒంటికి అతకదు. ఇలాంటివాడు యుద్ధ సినిమాలో కనిపిస్తే ప్రేక్షకుడు నవ్వడానికి సిద్ధమవుతాడు. కానీ ఒక అధికారి మొండితనం వల్ల మనుషులు అన్యాయంగా చచ్చిపోయినప్పుడు, విచారణలో లేచి ఆ మాట చెప్పేది ఈ ఫార్బెరే. అరవడు, బల్ల గుద్దడు, చెబుతాడంతే. ఆ నిదానం ముందు మిగతావాళ్ళ గట్టి గొంతులు తేలిపోతాయి. ఖైదులో ఉండి వచ్చిన మనిషి ఆ పాత్ర వేస్తున్నాడని తెలిసి చూస్తే ఒళ్ళు జలదరిస్తుంది. నెక్రాసోవ్ 1974లో దేశం విడిచి వెళ్ళాక ఆ చిత్రాన్ని కూడా పక్కన పెట్టేశారు. అందుకే చాలామందికి తెలియదు.

ఆ సినిమాలో ఆయన కళ్ళను చూసినవాళ్ళలో గియోర్గీ తొవ్‌స్తొనోగొవ్ ఒకరు. లెనిన్‌గ్రాద్ బల్షోయ్ నాటకశాలకు అధిపతి. అప్పుడు దస్తయేవ్‌స్కీ 'ఇడియట్' నవలను నాటకంగా వేసే పనిలో ఉన్నారు. అందులో కథానాయకుడు, కల్లాకపటం తెలియని ప్రిన్స్ మిష్కిన్ పాత్రకు ఇతనే అన్నారు. రిహార్సల్స్‌లో మాత్రం పాత్ర దొరకలేదు. నాటకం మానేసి వెళ్ళిపోదామా అన్నంత దాకా వచ్చింది. ఒకరోజు లెన్‌ఫిల్మ్‌లో జనం అటూ ఇటూ పోతుంటే, మధ్యలో నిలబడి పుస్తకం చదువుకుంటున్న ఒక మనిషి కనిపించాడు. చుట్టూ ఉన్న హడావిడి అతన్ని తాకడం లేదు. ఆ నిలబడడంలో మిష్కిన్ దొరికాడని స్మోక్తునోవ్‌స్కీ చెప్పేవారు. ఆ మనిషి ఏళ్ళతరబడి శిబిరాల్లో ఉండి వచ్చినవాడని తర్వాత తెలిసిందట.

1957 డిసెంబరు 31న ఆ నాటకం మొదలైంది. లెనిన్‌గ్రాద్ నగరమంతా దాని గురించే మాట్లాడుకుంది. 1966లో లండన్, పారిస్ పర్యటన కోసం దాన్ని మళ్ళీ తయారుచేశారు. ఆ నాటకాన్ని పూర్తిగా సినిమాగా తీయలేదు, మనకు అది దాదాపు అందని విషయమే. కానీ ఆయన సినిమాల్లో ఆ తర్వాత వచ్చిన ప్రతి మంచి పాత్రలోనూ మిష్కిన్ ఉన్నాడు. ఎదుటివాడు అబద్ధం చెబుతున్నాడని తెలిసినా కోపం తెచ్చుకోకుండా వినే ఆ చూపు అక్కడ పుట్టింది.

1960లో ఆ నాటకశాల వదిలేసి సినిమాల వైపు వచ్చేశారు. కలతోజొవ్ తీసిన 'పంపని ఉత్తరం'లో వజ్రాల కోసం సైబీరియా అడవుల్లో తిరిగే భూగర్భ శాస్త్రజ్ఞుడిగా వేశారు. ఆ సినిమా చూడదగ్గదే, కానీ అందులో అసలు నటుడు ఛాయాగ్రాహకుడు ఉరుసేవ్‌స్కీ కెమెరా. మంటలు, పొగ, నది, మంచు. మనుషులు వాటిలో కొట్టుకుపోతారు. స్మోక్తునోవ్‌స్కీని చూడాలనుకునేవాళ్ళకు నేను ముందుగా దాన్ని చెప్పను.

ముందుగా చెప్పేది 1962లో రోమ్ తీసిన 'ఒక ఏడాదిలో తొమ్మిది రోజులు'. ఆ ఏడాది కార్లోవి వారీ చలనచిత్రోత్సవంలో పెద్ద బహుమతి దానికే వచ్చింది. ఇద్దరు అణుభౌతిక శాస్త్రజ్ఞులు, ఇద్దరికీ ఒకే అమ్మాయి మీద ప్రేమ. గూసెవ్ పాత్ర అలెక్సీ బతాలొవ్‌ది. ప్రయోగాల్లో రేడియేషన్ తగిలి ప్రాణం మీదకు తెచ్చుకున్నా పని ఆపని మనిషి. అంటే లెక్క ప్రకారం నాయకుడు. కులికొవ్ పాత్ర స్మోక్తునోవ్‌స్కీది. కాగితం మీద లెక్కలు వేసుకునేవాడు. మంచి బట్టలు, మంచి భోజనం, మంచి మాట ఇష్టపడేవాడు. పాత పద్ధతి సినిమాలో అయితే ఈ కులికొవ్‌ను పనిలేని మేధావిగా చూపించి గూసెవ్‌ను గొప్పవాణ్ణి చేసేవారు. రోమ్ అలా చేయనివ్వలేదు, స్మోక్తునోవ్‌స్కీ అసలే చేయనివ్వలేదు. కులికొవ్ నవ్వుతూ మాట్లాడుతుంటే ఆ నవ్వు వెనక స్నేహితుడు చచ్చిపోతున్నాడన్న భయం కనిపిస్తుంది. రెస్టారెంట్లో కూర్చుని మనుషుల మూర్ఖత్వం గురించి కబుర్లు చెప్పే సన్నివేశం చూడండి. చేతులు తీరిగ్గా కదులుతుంటాయి. కళ్ళు మాత్రం ఎదురుగా ఉన్న స్నేహితుడి ఆరోగ్యాన్ని అంచనా వేస్తూ ఉంటాయి. ఆ రెండు పనులూ ఒకేసారి చేయగల నటులు ఏ దేశంలోనైనా కొద్దిమందే.

ఇక షేక్స్‌పియర్ 'హామ్లెట్'. తండ్రిని చంపి సింహాసనమెక్కిన బాబాయి మీద పగ తీర్చుకోవాల్సిన డెన్మార్క్ యువరాజు కథ. కొంచెం ఎక్కువ సమయం దీని మీద గడుపుతాను.

1964లో లెన్‌ఫిల్మ్ తీసింది, దర్శకుడు గ్రిగోరీ కోజింత్సెవ్. అనువాదం బొరీస్ పాస్తర్నాక్‌ది, సంగీతం షస్తకోవిచ్‌ది. ఒఫీలియాగా అనస్తసియా వెర్తీన్‌స్కయా. నలుపు తెలుపు, వెడల్పాటి తెర, రెండు గంటల ఇరవై నిమిషాలు. ఎస్టోనియా సముద్రతీరంలోనూ, నర్వా నది ఒడ్డున ఇవాన్‌గొరోద్ కోట దగ్గరా బయటి దృశ్యాలు తీశారు. వెనిస్ ఉత్సవంలో జ్యూరీ ప్రత్యేక బహుమతి వచ్చింది. 1965లో కోజింత్సెవ్‌కూ స్మోక్తునోవ్‌స్కీకీ లెనిన్ బహుమతి ఇచ్చారు. బ్రిటిష్ అకాడమీ విదేశీ నటుల విభాగంలో ఆయన పేరు నామినేట్ చేసింది. షేక్స్‌పియర్ సొంత దేశంవాళ్ళు, ఒలీవియర్ హామ్లెట్‌ను చూసినవాళ్ళు, భాష తెలియని ఒక నటుడి హామ్లెట్‌ను గుర్తించారంటే చిన్న సంగతి కాదు.

కోజింత్సెవ్ ఎల్సినోర్ కోటను రాజభవనంగా కాకుండా జైలుగా కట్టారు. రాయి, ఇనుము, మంట, చుట్టూ సముద్రం. హామ్లెట్ గుర్రం మీద లోపలికి రాగానే వెనక తలుపులు మూసుకుంటాయి, కందకం మీది వంతెన పైకి లేస్తుంది. ఏ గోడ పక్కన చూసినా ఒక చెవి, ఏ మెట్టు మీద చూసినా ఒక కాపలావాడు. అది డెన్మార్క్ కథ అనుకుని చూడమన్నారు. కానీ స్తాలిన్ చనిపోయి పదేళ్ళు దాటిన ఆ దేశంలో, గోడలకు చెవులుంటే ఎలా ఉంటుందో ప్రేక్షకులకు ఎవరూ చెప్పనక్కర్లేదు. ఆ కోటలో నడుస్తున్నది నొరీల్స్క్ చూసి వచ్చిన మనిషి.

ఆయన హామ్లెట్ అరవడు. అందరికీ తెలిసిన 'ఉండడమా, లేకపోవడమా' అన్న స్వగతం ఎలా తీశారో చూడండి. రాళ్ళ మధ్య, సముద్రం పక్కన, హామ్లెట్ నడుస్తుంటాడు. పెదవులు కదలవు. మాటలు లోపలినుంచి వినిపిస్తాయి. మనం చూసేది వీపు, తర్వాత ముఖం, మళ్ళీ నడక. ఆ స్వగతం కోసమే నాలుగు వందల ఏళ్ళుగా నటులు ఈ పాత్ర వేస్తున్నారు. దాన్ని నోరు విప్పకుండా ఇచ్చేయడానికి ఒక నటుడు ఒప్పుకున్నాడంటే తన ముఖం మీద, తన ఆలోచన మీద ఎంత నమ్మకం ఉండాలి?

నాకు అంతకంటే ఇష్టమైనది పిల్లనగ్రోవి సన్నివేశం. రాజు పంపిన ఇద్దరు పాత స్నేహితులు హామ్లెట్ మనసులో ఏముందో లాగడానికి వస్తారు. హామ్లెట్ ఒక వాయిద్యం తీసి వాళ్ళ చేతికిచ్చి, దీన్ని వాయించమంటాడు. మాకు రాదంటారు. ఈ చిన్న గొట్టాన్నే వాయించలేనివాళ్ళు నన్ను వాయిద్దామనుకున్నారా, నా మీద మీ వేళ్ళు ఆడవు అంటాడు. చాలామంది నటులు ఇక్కడ విరుచుకుపడతారు. స్మోక్తునోవ్‌స్కీ మొదట దాదాపు మర్యాదగా అడుగుతారు, ఒకసారి, రెండోసారి. ప్రతిసారీ స్నేహితుల ముఖంలో ఇంకా కాస్త మనిషితనం మిగిలిందేమోనని వెతుకుతున్నట్టు ఉంటుంది. లేదని తేలాక ఆ గొంతులోకి వచ్చేది కోపం కన్నా ఎక్కువ బాధ. తర్వాతే పదును వస్తుంది. మెత్తనితనం అంటే లొంగిపోవడం అనుకునేవాళ్ళందరికీ ఆ రెండు నిమిషాలు చూపించాలి. అతన్ని చంపగలరు, వాయించలేరు.

ఆయనకూ కోజింత్సెవ్‌కూ మధ్య అంతా సవ్యంగా సాగలేదు. పాత్రను ఎలా చూడాలన్న దాని మీద భేదాలుండేవి. సినిమాలోని తన పని పట్ల స్మోక్తునోవ్‌స్కీ పూర్తిగా తృప్తి పడలేదు. నా ఉద్దేశంలో ఆ లాగులాట సినిమాకు మేలే చేసింది. దర్శకుడు రాతితో, ఇనుముతో బిగిస్తున్నారు, నటుడు దాని లోపల ఊపిరి కోసం వెతుకుతున్నారు. హామ్లెట్ పరిస్థితి సరిగ్గా అదే కదా.

రెండేళ్ళ తర్వాత ఇదే హామ్లెట్ ఒక హాస్యచిత్రంలో మళ్ళీ కనిపించాడు. 1966లో ఎల్దార్ ర్యజానొవ్ తీసిన 'కారు జాగ్రత్త'. ర్యజానొవ్, ఎమీల్ బ్రగీన్‌స్కీ కలిసి రాశారు. మొదట స్క్రిప్టుకు అనుమతి రాకపోతే కథగా రాసి అచ్చు వేయించారు, అది నచ్చాక సినిమాకు దారి దొరికింది. ముఖ్యపాత్రకు మొదట అనుకున్నది సర్కస్ విదూషకుడు, హాస్యనటుడు యూరీ నికూలిన్‌ను. తర్వాత స్మోక్తునోవ్‌స్కీ దగ్గరికి వచ్చింది. ఒంట్లో బాగాలేదని ఆయన వద్దన్నారు. ర్యజానొవ్ వెంటపడి ఒప్పించారు.

కథ తెలియనివాళ్ళ కోసం రెండు మాటలు. యూరీ దెతోచ్కిన్ మాస్కోలో ఇన్సూరెన్స్ ఏజెంటు. అమ్మతో ఉంటాడు. లంచగొండులు, దొంగవ్యాపారం చేసేవాళ్ళు కొన్న కార్లను కనిపెట్టి, రాత్రిపూట దొంగిలించి, అమ్మి, ఆ డబ్బు అనాథ పిల్లల ఆశ్రమాలకు పంపుతాడు. ఖర్చుల లెక్క కూడా నిజాయితీగా రాసుకుంటాడు. ఖాళీ సమయంలో ఔత్సాహిక నాటక బృందంలో వేస్తుంటాడు. అతన్ని పట్టుకోవాల్సిన దర్యాప్తు అధికారి పద్బెర్యోజొవికొవ్ కూడా అదే బృందంలో నటుడు. ఆ పాత్ర ఒలేగ్ ఎఫ్రేమొవ్‌ది. బృందం వేస్తున్న నాటకం ఏమిటి? హామ్లెట్. దెతోచ్కిన్ హామ్లెట్, పోలీసు అధికారి అతనితో కత్తియుద్ధం చేసే లయెర్టిస్.

స్మోక్తునోవ్‌స్కీకి ఇక్కడ ఒక సులువైన దారి ఉంది. లెనిన్ బహుమతి తెచ్చిపెట్టిన తన పాత్రను తానే వెక్కిరించి జనాన్ని నవ్వించవచ్చు. థియేటర్ దద్దరిల్లేది. ఆయన ఆ దారి తొక్కలేదు. దెతోచ్కిన్ ఆ చిన్న స్టేజి మీద హామ్లెట్‌ను ప్రాణం పెట్టి వేస్తాడు. చూస్తున్న మనకు నవ్వు ఆగిపోతుంది. ఒక దేశపు ఉత్తమ హామ్లెట్‌కూ, కార్లు దొంగిలించే ఒక ఇన్సూరెన్స్ ఏజెంటుకూ లోపల ఉన్నది ఒకే బాధ అని అర్థమవుతుంది. చుట్టూ అన్యాయం ఉంది, దాన్ని సరిచేయాల్సిన పని నా నెత్తిన పడింది, నేను అందుకు తగిన బలవంతుణ్ణి కాను. హామ్లెట్ చెప్పేదీ అదే, దెతోచ్కిన్ చెప్పేదీ అదే. అందుకే కోర్టులో దర్యాప్తు అధికారే నిలబడి అతని తరఫున మాట్లాడినప్పుడు మనకు వింతగా అనిపించదు. చివర్లో శిక్ష పూర్తిచేసుకుని, తను ప్రేమించిన ట్రాలీబస్సు డ్రైవరు ల్యూబా దగ్గరికి వచ్చి, నేను తిరిగొచ్చానని చెబుతాడు. ఆ మాట చెప్పేటప్పుడు ఆ ముఖంలో సిగ్గు, సంతోషం, క్షమాపణ మూడూ ఉంటాయి.

జ్జోనొవ్ పేరు గుర్తుంచుకోమన్నాను. ఈ సినిమాలో దెతోచ్కిన్ కారును మోటార్ సైకిల్ మీద వెంటాడే ట్రాఫిక్ పోలీసు ఒకడుంటాడు. ఆ పోలీసు వేషం వేసింది గియోర్గీ జ్జోనొవ్. నొరీల్స్క్‌లో ఒకే నాటకశాలలో ఉన్న ఇద్దరు. ఒకరు శిబిరాల్లో ఏళ్ళు గడిపి వచ్చినవారు, ఇంకొకరు శిబిరానికి పంపుతారేమోనని భయపడి బతికినవారు. పదిహేనేళ్ళ తర్వాత మాస్కో రోడ్ల మీద ఒకరు దొంగగా, ఒకరు పోలీసుగా దేశం మొత్తాన్ని నవ్విస్తున్నారు. టికెట్ కొన్న ప్రేక్షకుల్లో ఎందరికి ఈ సంగతి తెలుసో చెప్పలేం. వాళ్ళిద్దరికీ మాత్రం తెలుసు.

ఈ పదేళ్ళ తర్వాతి దశను వేగంగా చెబుతాను, ఎందుకంటే చాలా పాత్రలు గొప్ప నటుడు మామూలు సినిమాల్లో వేసినవి. అంతకు కాస్త ముందే 'ఒకే గ్రహం మీద'లో లెనిన్‌గా వేశారు. ఆ రోజుల్లో ఆ పాత్రకు ఇచ్చే చోటు చాలా ఇరుకు, ఆయనకూ అంతే దొరికింది. చైకోవ్‌స్కీ జీవితం మీద తలాంకిన్ తీసిన చిత్రంలో వేసిన సంగీతకారుడి పాత్ర మాత్రం చూడాలి. ఒంటరితనం మోయడం ఎలాగో అందులో తెలుస్తుంది.

కానీ 1970లో వచ్చిన 'నేరము శిక్ష' దగ్గర ఆగాలి. లెవ్ కులిజానొవ్ దర్శకుడు. అందులో దర్యాప్తు అధికారి పర్ఫీరీ పెత్రోవిచ్ వేషం స్మోక్తునోవ్‌స్కీది. నవల చదివినవాళ్ళకు పర్ఫీరీ గుర్తుంటాడు. నవ్వుతూ, దగ్గరగా కూర్చుని, సిగరెట్ తాగుతూ, సంబంధం లేనివి మాట్లాడుతూ హత్య చేసిన రస్కోల్నికొవ్ చుట్టూ ఉచ్చు బిగిస్తాడు. ఇన్నేళ్ళు మనం ప్రేమించిన ఆ మెత్తనితనమే ఇక్కడ ఆయుధం. గొంతు అదే, ఆ తడబాటు అదే, తల కాస్త వంచి చూడడం అదే. మిష్కిన్‌లో అవి ఎదుటివాడికి ఊరటనిస్తే, పర్ఫీరీలో అవే ఎదుటివాడికి చెమటలు పట్టిస్తాయి. తనకు పేరు తెచ్చిన గుణాన్నే తీసుకుని, దాని ప్రమాదం కూడా చూపించిన నటుడు ఆయన. దస్తయేవ్‌స్కీ సృష్టించిన ఈ ఇద్దరినీ ఇంత దగ్గరగా ఉంచి, ఇంత వేరుగా వేసినవాళ్ళు ఇంకొకరు నాకు కనపడలేదు.

ఆ తర్వాత చెహోవ్ నాటకం ఆధారంగా కొంచలోవ్‌స్కీ తీసిన 'వాన్యా మామయ్య'. డాక్టర్ ఆస్త్రొవ్‌గా సెర్గేయ్ బొందార్చుక్, సోన్యాగా ఇరీనా కుప్చెంకొ. బొందార్చుక్ భారీ మనిషి, గది నిండిపోతుంది. పక్కన వాన్యాగా స్మోక్తునోవ్‌స్కీ. నలిగిన బట్టలు, నిద్ర చాలని కళ్ళు, జీవితమంతా ఎవరికోసమో కష్టపడి, అది వృథా అని ఇప్పుడు తెలుసుకున్న మనిషి. తుపాకీ పేల్చే ఘట్టం కన్నా, గులాబీలు పట్టుకుని లోపలికి వచ్చి, తను ప్రేమించిన స్త్రీ మరొకరి చేతుల్లో ఉండడం చూసే ఘట్టం నన్ను ఎక్కువ పట్టుకుంది. చెహోవ్ మనుషులు ఎప్పుడు ఏడవాలో తెలియక ఇబ్బంది పడతారు. ఆ ఇబ్బందిని వేయడం ఏడుపు వేయడం కన్నా కష్టం.

ఇంకొక విషయం మీ ముందు పెడతాను, దీని మీద మీ అభిప్రాయం కూడా వినాలనుంది. 1962లో రీమ్‌స్కీ కోర్సకొవ్ సంగీత నాటకం 'మొజార్ట్, సలియేరి'ని సినిమాగా తీశారు. అసూయతో సలియేరి మొజార్ట్‌కు విషం పెట్టే కథ అది. అందులో మొజార్ట్ స్మోక్తునోవ్‌స్కీ, కానీ పాడింది సెర్గేయ్ లేమెషెవ్. అంటే తెర మీద ముఖం ఈయనది, గొంతు ఇంకొకరిది. 1975లో తర్కోవ్‌స్కీ 'అద్దం' వచ్చింది. అందులో కథ చెప్పే మనిషి ముఖం మనకు చూపించరు, గొంతు మాత్రం వినిపిస్తుంది. ఆ గొంతు స్మోక్తునోవ్‌స్కీది. ఒకచోట గొంతు లేని ముఖం, ఇంకోచోట ముఖం లేని గొంతు. మొదటిది చూసినప్పుడు ఈ నటుడికి కళ్ళు చాలు అనిపిస్తుంది. రెండోది విన్నప్పుడు కళ్ళు కూడా అక్కర్లేదు అనిపిస్తుంది. 'అద్దం'లో విడిపోయిన భార్యతో మాట్లాడే మాటలు వినండి. గొంతులో అలసట ఉంది, తప్పు తనదేనని లోలోపల తెలిసినవాడి చిరాకు ఉంది. తెర మీద మార్గరీత తెరెహొవా ముఖం కనిపిస్తుంటుంది, మనం మాత్రం కనిపించని మనిషిని చూస్తూ ఉంటాం.

ఆ మొజార్ట్ కథ అక్కడితో అయిపోలేదు. 1979లో మిహయీల్ ష్వేయిత్సెర్ పూష్కిన్ 'చిన్న విషాదాలు' టెలివిజన్ కోసం తీసినప్పుడు స్మోక్తునోవ్‌స్కీ ఈసారి సలియేరి వేశారు. పదిహేడేళ్ళ కింద విషం తాగిన మనిషి ఇప్పుడు విషం పోస్తున్నాడు. మొజార్ట్ పాత్రలో వలేరీ జొలతూహిన్. స్మోక్తునోవ్‌స్కీ సలియేరిని దుర్మార్గుడిగా వేయలేదు. జీవితమంతా సంగీతానికి ఇచ్చి, ఆ సంగీతం ఇంకొకరికి అడగకుండా దొరకడం చూసి తట్టుకోలేకపోయిన భక్తుడిలా వేశారు. మొజార్ట్ వాయిస్తుంటే సలియేరి కళ్ళలో నీళ్ళు తిరుగుతాయి. అవి నిజమైన కన్నీళ్ళే, అందుకే భయం వేస్తుంది. ఆ చిత్రంలోనే పిసినారి బారన్ కూడా ఆయనే. అయిదేళ్ళ తర్వాత గోగల్ 'మృత జీవులు' టెలివిజన్ చిత్రంలో ప్లూష్కిన్ వేసినప్పుడు ఆ పిసినారితనాన్ని ఇంకో మెట్టు కిందికి తీసుకెళ్ళారు. బారన్‌కు బంగారం మీద గర్వముంది. ప్లూష్కిన్‌కు చెత్త తప్ప ఏమీ మిగల్లేదు.

నాటకాన్ని ఆయన ఎప్పుడూ పూర్తిగా వదల్లేదు. 1973లో మాలీ నాటకశాలలో జార్ ఫ్యోదొర్‌గా వేశారు. బలహీనుడైన, మంచివాడైన రాజు పాత్ర. మిష్కిన్‌కు సింహాసనం ఇస్తే ఎలా ఉంటుందో అలా అన్నమాట. 1976లో మాస్కో ఆర్ట్ థియేటర్‌లో చేరి చెహోవ్ 'ఇవానొవ్' వేశారు. అక్కడ అధిపతి ఎవరనుకున్నారు? ఒలేగ్ ఎఫ్రేమొవ్. మన దెతోచ్కిన్‌ను వెంటాడిన దర్యాప్తు అధికారి.

1974లో సోవియట్ యూనియన్ ప్రజా కళాకారుడు బిరుదు, 1990లో సోషలిస్ట్ శ్రమవీరుడు బిరుదు వచ్చాయి. ఒకప్పుడు పెద్ద నగరంలో ఉండనివ్వని మనిషికి అదే రాజ్యం అన్ని పతకాలూ ఇచ్చింది. చివరి సంవత్సరాల్లో దేశం కూలిపోయింది, సినిమా పరిశ్రమ చితికిపోయింది, ఆయన వచ్చిన పాత్రలన్నీ ఒప్పుకుంటూ పోయారు. వాటిలో చాలావాటిని ఎవరూ గుర్తుపెట్టుకోలేదు. ఈ విషయంలో ఆయనను తప్పుపట్టేవాళ్ళున్నారు, నేను పట్టను. ఆకలి, చలి, చోటు లేకపోవడం చూసిన మనిషి పని వద్దనలేకపోవడం నాకు అర్థమవుతుంది. 1994 ఆగస్టు 3న కన్నుమూశారు. మాస్కోలో నొవొదేవిచ్యే శ్మశానంలో సమాధి ఉంది.

ఎక్కడ మొదలుపెట్టాలని అడుగుతారు కాబట్టి చెబుతున్నాను. మోస్‌ఫిల్మ్ తన సినిమాలు చాలావాటిని యూట్యూబ్‌లో ఉచితంగానే పెట్టింది, ఇంగ్లిష్ సబ్‌టైటిల్స్ ఉంటాయి. పిల్లలతో కలిసి చూడాలంటే 'కారు జాగ్రత్త' పెట్టుకోండి. తర్వాత 'తొమ్మిది రోజులు', ఆ తర్వాత 'హామ్లెట్'. 'హామ్లెట్'ను మాత్రం ఫోనులో చూడొద్దు, ఆ రాళ్ళూ సముద్రమూ చిన్న తెరలో పట్టవు. వీలైతే వచ్చే నెల మనమే ఈ హాల్లో వేసుకుందాం, నిర్వాహకులతో మాట్లాడాను. పర్ఫీరీ గురించి నేను చెప్పిన దానితో ఒప్పుకోనివాళ్ళు ఈ హాల్లో ఉన్నారని ముఖాలు చూస్తే తెలుస్తోంది. మైకు అటు పంపుతాను, చెప్పండి.